నలభై ఒక్క ఎర్ర చుక్కలు

ఇంట్లో అందరూ అతన్ని శూరుడు అని పిలిచేవారు. ధైర్యం చూసి పెట్టిన పేరు కాదు. ఆరంభశూరుడు అనే మాట రోజుకు పదిసార్లు అనలేక నాయనమ్మ దాన్ని సగానికి కోసింది, అంతే. ఊరికే వచ్చిన పేరూ కాదు. తొమ్మిదో తరగతిలో అతని మనసు తాళాల మీదికి పోయింది. పిన్నీసుతో వీధి తలుపు తాళం విప్పడం వారంలో నేర్చుకున్నాడు. విప్పిన తాళాన్ని మళ్ళీ బిగించడం నేర్చుకునేలోపే సరదా తీరిపోయింది. మూడు రోజులు ఇంటిల్లిపాదీ తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నారు. ఆ తర్వాత స్నానాలగదిలో పుట్టగొడుగులు పెంచాడు. ఆ తర్వాత గిటారు. ఇంజనీరింగ్‌లో చేరాక సైకిలు గేర్ల వెంట పడ్డాడు. దాంతో బాల్కనీలో ఒక సైకిలు నలభై ముక్కలుగా విడిపోయి, గుడ్డ కప్పుకుని, ఏడాదిగా అతని దయ కోసం ఎదురుచూస్తోంది.

వాళ్ళమ్మ సిటీ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళుగా స్టీరింగు ముందు కూర్చుంటోంది. ఇంతవరకు ఒక్క ప్రమాదం లేదు, అద్దం పగిలింది లేదు. ఆవిడ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు కూడా పైనున్న రాడ్డు పట్టుకోనక్కర్లేదని ఆ రూటులో చెప్పుకునేవారు. నాన్న కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. పగలంతా మైనపు చిగుళ్ళలో పళ్ళు గుచ్చీ గుచ్చీ ఆయనకు మాటలు తగ్గిపోయాయి. ఉన్న నాలుగూ ఫోనులో స్నేహితుడితో మాట్లాడేసేవాడు. నాయనమ్మ నోట్లో ఉన్నవి ఆయన చేసిన పళ్ళే. కొడుకు చేసిపెట్టిన పళ్ళతో కొడుకునే తిట్టే భాగ్యం ఎంతమందికి ఉంటుందని ఆవిడ మురిసిపోయేది.

మెకానికల్ రెండో సంవత్సరంలో శూరుడికి ఒక విషయంలో మాత్రం మంచి పేరుండేది. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో అతను గీసే గీతలు ముత్యాల్లా ఉండేవి. క్లాసులో సగంమంది అతని దగ్గర గీయించుకునేవారు. అందుకే ల్యాబ్ మేడం ఇకనుంచి గ్రాఫులన్నీ సాఫ్ట్‌వేర్‌లో గీసుకురమ్మన్నప్పుడు అతనికి ఒళ్ళు మండింది. గీయడం చేతకానివాళ్ళకు కదా అది, తనకెందుకని పట్టుబట్టి మళ్ళీ పెన్సిలుతోనే గీసుకెళ్ళాడు.

మేడం ఆ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది.

“చాలా అందంగా ఉంది. ఇందులో పన్నెండు పాయింట్లున్నాయి. రేపు పన్నెండు వేలు ఇస్తే పెన్సిలు ఎన్నిసార్లు చెక్కుతావు?” అంది.

శూరుడు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. మేడం కోప్పడలేదు, మార్కులు కూడా వేసింది. కానీ నీకు తెలుసుకోవాలని ఉన్న సంగతి ఏదైనా ఒకటి చూసుకో, దానికి సంబంధించిన అంకెలు సంపాదించు, వాటితో మూడు నెలల్లోగా ఒక గ్రాఫు తీసుకురా అని చెప్పి పంపింది. తెలుసుకోవాలని ఉన్న సంగతులు శూరుడికి వందున్నాయి. వారం గడిచేసరికి అందులో ఒక్కదాని మీదా మోజు మిగల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మ పనిచేసే డిపోలో బస్సులన్నిటికీ డబ్బీలు బిగించారు. డ్రైవరు సీటు కింద అరచేతిలో పట్టేంత నల్ల డబ్బీ. బస్సు స్పీడెంత, ఎక్కడుంది, ఎంత కుదుపు వచ్చింది అన్నది క్షణక్షణం రాసుకుంటుంది. కుదుపు ఒక హద్దు దాటితే, డ్రైవరు సడన్‌గా బ్రేకు వేసినట్టు లెక్క. నెలాఖరుకు ఒక్కో డ్రైవరు పేరు పక్కన పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఏదో ఒకటి వేసి డిపో గోడకు అంటించారు.

అమ్మకు ఎరుపొచ్చింది. నెలలో నలభై ఒక్కసార్లు సడన్ బ్రేకు వేసిందట.

ఆ సంగతి ఆవిడ ఇంట్లో చెప్పలేదు. రోజూ వచ్చీ రాగానే ఫలానా స్టాపులో ఎవరెక్కారు, ఎవరు చిల్లర లేదన్నారు అని నవ్విస్తూ చెప్పే మనిషి, ఆ సాయంత్రం నేరుగా వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన గిన్నెలనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసి, అమ్మాయ్, ఆ గిన్నె నీకేం అపకారం చేసిందని అడిగింది. అప్పుడు చెప్పింది. చెప్పి, పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక డబ్బీ చేత అనిపించుకోవాల్సి వచ్చిందని ఒక్క ముక్క అని ఊరుకుంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఎరుపు భయంతో అమ్మ స్టాపు ఇంకా దూరంలో ఉండగానే బ్రేకు మీద కాలు పెట్టడం మొదలుపెట్టింది. పిల్లి నడిచినట్టు నడిపేది. ప్రతి ట్రిప్పూ ఆలస్యమే. ఏళ్ళ తరబడి నవ్వుతూ ఎక్కిన ప్రయాణికులు గడియారాలు చూసుకుంటూ దిగేవారు. వారం తిరిగేసరికి ఆవిడ భుజాలు పట్టేశాయి.

శూరుడు ఆ వారమంతా అమ్మ ముఖం చూస్తూ తిరిగాడు. చివరికి ఒక సాయంత్రం, ఆ డబ్బీ రాసుకున్న అంకెలు నీకిస్తారా అని అడిగాడు. ఇస్తే ఏం చేస్తావని అమ్మ అడిగింది. చూస్తానన్నాడు. నాయనమ్మ ముసిముసిగా నవ్వింది. అమ్మ నవ్వలేదు. మర్నాడు డ్యూటీ దిగాక మేనేజరు గదికి వెళ్ళింది.

మేనేజరు కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, తీరికలేనివాడు. రంగులు వేసేది పై ఆఫీసే కానీ తను కాదనీ, అయినా ఎవరి అంకెలు వాళ్ళు చూసుకోవడానికి అభ్యంతరం లేదనీ చెప్పి, ఆవిడ నెల డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేయించి ఇచ్చాడు. అమ్మ దాన్ని చేతిరుమాలులో మూటకట్టి, బంగారం తెచ్చినట్టు తెచ్చింది.

ఇరవై రెండు పనిదినాలు. రోజుకు ఏడు గంటలు, సెకనుకొక వరుస. ఫైలు తెరిస్తే ఐదున్నర లక్షల వరుసలున్నాయి. శూరుడు కిందికి జరుపుతూ పోయాడు, పోయాడు, వేలు నొప్పి పుట్టింది కానీ ఫైలు తరగలేదు. పెన్సిలు గురించి మేడం అన్న మాట అప్పుడు అతని బుర్రకెక్కింది.

కాలేజీలో చెప్పిన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఎక్కించుకున్నాడు. రెండు రోజులు పాఠాలు చదివి, ఆరు లైన్లు రాసి, నడిపించాడు. కంప్యూటర్ కాసేపు గుర్రుమని తెర మీద ఒక గ్రాఫు వేసింది. గ్రాఫంటే గ్రాఫు కాదు, సిరాబుడ్డి ఒలికినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నలుపు. ఐదున్నర లక్షల చుక్కల్నీ గీతతో కలిపేసింది మరి. నాయనమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, మీ అమ్మ బస్సు సొరంగంలో నడుపుతోందేమిట్రా అంది.

గీత తీసేసి, ఒక్కరోజు అంకెలే తీసుకున్నాడు. ఈసారి వచ్చిన బొమ్మ చూస్తే బస్సు ఉదయం పదింటికి బయలుదేరి, సాయంత్రం అయిదుకు చేరి, ఆ తర్వాత ఉదయం ఆరుకు దూకింది. ఎక్కడ తప్పుందో తెలియక తలప్రాణం తోకకొచ్చింది. పాత శూరుడైతే అక్కడితో మూసేసేవాడే. ఇప్పుడూ మూయబోయాడు. కానీ వంటింట్లో అమ్మ భుజానికి నాన్న మందు రాస్తున్న వాసన వచ్చింది. మర్నాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మేడం దగ్గరికి వెళ్ళాడు.

మేడం చూడగానే పట్టేసింది. నీ ఫైల్లో టైము అంకెల్లా లేదు, అక్షరాల్లా ఉంది, అందుకే కంప్యూటర్ దాన్ని నిఘంటువులో మాటల్లా వరుసపెట్టింది, పది నుంచి పదిహేడు గంటల దాకా ఒకటితో మొదలయ్యేవన్నీ ముందు, ఆరుతో మొదలయ్యేవి వెనక అని చెప్పింది. ఇది టైము అని దానికి చెప్పే లైను ఎలా రాయాలో చూపించింది. అంత చిన్న సంగతికి రెండు రోజులు తగలేశానని శూరుడు బిక్కముఖం వేస్తే, తను చదువుకునే రోజుల్లో ఇదే తప్పుకు వారం పోగొట్టుకున్నానని నవ్వింది.

ఆ సాయంత్రం బొమ్మ సరిగ్గా వచ్చింది. స్పీడు గీత స్టాపు దగ్గర కిందికి దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ, అలల్లా తెర మీద పరుచుకుంది. బస్సు ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. శూరుడు దాన్ని చూస్తూ కూర్చుండిపోయాడు. తర్వాత నెలలోని నలభై ఒక్క సడన్ బ్రేకుల్నీ ఏరి ఎర్ర చుక్కలుగా పెట్టాడు. కింద గీత మీద టైము. చుక్కలు ఉదయం కొన్ని, మధ్యాహ్నం కొన్ని, సాయంత్రం కొన్ని, ఎవరో గుప్పెడు ఆవాలు విసిరినట్టు పడ్డాయి. వాటిలో అర్థమన్నది కనిపించలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తలగడలో ముఖం దూర్చి పడుకున్నాడు.

అమ్మ బట్టలు మడతపెడుతూ వచ్చి తెర వంక చూసింది.

“ఏంట్రా ఇవి, పొక్కుల్లా?”

“నీ బ్రేకులమ్మా. ఈ పక్కన ఉదయం, ఆ పక్కన సాయంత్రం. ఏ టైముకి ఎన్నో చూద్దామనుకున్నా. ఏమీ తెలీట్లేదు.”

“టైము ఎందుకు? బస్సు నడిచేది రోడ్డు మీద కదా, గడియారం మీద కాదుగా. ఎక్కడ పడ్డాయో పెట్టు,” అని ఆవిడ బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది.

శూరుడు లేచి కూర్చున్నాడు.

స్పీడు సెకనుసెకనుకూ ఉంది కాబట్టి, డిపో నుంచి బస్సు ఎంత దూరం వెళ్ళిందో కూడుకుంటూ పోవచ్చు. రూటు మొత్తం పదకొండు కిలోమీటర్లు. తిరుగు ట్రిప్పుల్లో ఆ పదకొండు లోంచి తీసివేయాలి. ఆ లెక్క సరిగ్గా కుదరడానికి మరో రెండు సాయంత్రాలు పట్టింది. ఒకసారి బస్సు డిపో గోడ దాటి రెండు కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఇంకోసారి బస్సు ఉన్నచోటే ఉండిపోయింది. మూడోసారి చుక్కలు కదిలాయి. అప్పటిదాకా ఆవాల్లా చెదిరి ఉన్నవి కాస్తా ఒక్కచోట కుప్పపడ్డాయి. ఆరున్నర కిలోమీటర్ల దగ్గర, ఒకదాని మీద ఒకటి. లెక్కపెడితే ముప్పై మూడు.

“అమ్మా, డిపో నుంచి ఆరున్నర కిలోమీటర్లలో ఏముంది?” అని అరిచాడు.

అమ్మ వంటింట్లోంచే, ఆలోచించకుండా చెప్పింది. వంతెన. వంతెన మొదట్లో రెండు సిమెంటు పలకల మధ్య ఇనుప పట్టీ ఉంది, అది ఒక పక్క లేచిపోయింది. ఖాళీ బస్సుతో వస్తే ధన్‌మని ఎగిరేస్తుంది, పోయిన వర్షాల నుంచి అంతే. చెబుతూ చెబుతూ ఆవిడే ఆగిపోయి, గరిటె చేత్తో పట్టుకునే గదిలోకి వచ్చింది.

అది బ్రేకు కాదని ఎలా చెప్పడం? దానికి శూరుడు మరో బొమ్మ వేశాడు. ఒక్కో ఎర్ర చుక్కకు ముందు పది సెకన్లు, వెనక పది సెకన్లు స్పీడు గీసి, కుప్పలోని ముప్పై మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరిచాడు. ముప్పై మూడు గీతలూ ఎక్కడా దిగకుండా చాపలా పడుకున్నాయి. బ్రేకు వేస్తే స్పీడు పడిపోవాలి కదా. ఇక్కడ స్పీడు అలాగే ఉంది, ఎగిరింది బస్సు మాత్రమే. కుదుపునంతా బ్రేకు కిందే జమకట్టింది డబ్బీ. మిగతా ఎనిమిదింటికి గీతలు బావిలోకి చేద వదిలినట్టు దభాలున దిగాయి. అవి నిజం బ్రేకులే.

ఆదివారం పొద్దున టిఫిన్ల దగ్గర శూరుడు ఆ ఎనిమిదీ కాగితం మీద రాసుకుని అమ్మ ముందు కూర్చున్నాడు. తారీఖు, టైము, చోటు చెబుతుంటే, ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కోటీ చెప్పింది. ఒకటి కుక్క. ఒకటి చెయ్యి చూపకుండా తిరిగిన స్కూటరు. ఒకటి రోడ్డు మీదికి దొర్లిన బంతి. బంతి వెనక పిల్లాడు ఉంటాడని ముందే వేసింది, ఉన్నాడు కూడా. కూరగాయల బండి ఒకటి. కుక్క ఇంకోసారి. అదే కుక్కట. ఎర్ర లైటు దాటి వచ్చిన కారు. అలా ఆరు అయ్యాయి.

“పదిహేడో తారీఖు, ఉదయం తొమ్మిదింపావు, మార్కెట్ మలుపు,” అన్నాడు శూరుడు.

అమ్మ కళ్ళు తెరిచింది. నాన్న వైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాన్న చొక్కా కాలరు సర్దుకున్నాడు.

“మీ నాన్నే. ఫోను చెవికి పెట్టుకుని, నవ్వుకుంటూ, నా బస్సు ముందు నుంచే రోడ్డు దాటారు. హారన్ కొట్టినా చూడలేదు.”

“నువ్వా అది?” అన్నాడు నాన్న. “ఎవరో మంచి డ్రైవరు, సరిగ్గా ఆపారు అనుకున్నా.”

నాయనమ్మ నవ్విన నవ్వుకు పై పళ్ళ సెట్టు ఊడి చేతిలో పడింది. ఆవిడ దాన్ని మళ్ళీ పెట్టుకునేదాకా నాన్నను తిట్టడం వాయిదా పడింది గానీ, ఆ తర్వాత వడ్డీతో సహా అయింది.

ఎనిమిదోది ఆస్పత్రి స్టాపు. అమ్మ పళ్ళెంలో వేలితో గీతలు గీసింది. “ఇది నా తప్పే. ముందు ట్రిప్పు లేటైంది, టైము కలుపుకుందామని స్పీడుగా తొక్కాను. స్టాపు ముంచుకొచ్చాక గట్టిగా వేశాను. ఒక పెద్దాయన తూలి సీటు పట్టుకున్నాడు,” అంది.

శూరుడు ల్యాప్‌టాప్ వైపు చూశాడు. ఒక్క లైను తీసేస్తే ఆ చుక్క ఉండదు.

“తీసేయనా అమ్మా? ఒక్క చుక్కే. ఎవరికి తెలుస్తుంది?”

“ఆ పెద్దాయనకి తెలుసు,” అంది అమ్మ. “ఉండనీ. పక్కన కారణం కూడా రాయి. అన్నిటికీ రాయి.”

రాశాడు. ఎనిమిది చుక్కల పక్కన ఎనిమిది కారణాలు.

సోమవారం ఇద్దరూ మేనేజరు గదికి వెళ్ళారు. ఆయన ముందు నిలబడే చూశాడు, తర్వాత కూర్చుని చూశాడు. కుప్ప చూసి తలాడించాడు, చాపలా పరుచుకున్న గీతల మీద వేలితో రాస్తూ పోయాడు. కారణాలు పైకే చదువుతూ, ‘భర్త ఫోను మాట్లాడుతూ రోడ్డు దాటడం’ దగ్గర ఆగి, అమ్మ ముఖం చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరిది చదివాక నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టాడు.

“ఇది మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు,” అన్నాడు.

“తెలియదు సార్,” అంది అమ్మ.

ఆయన ఆ కాగితాన్ని సొరుగులో పడేయలేదు. అదే రూటులో నడిపే మరో అయిదుగురి అంకెలు కూడా, వాళ్ళను అడిగి, శూరుడికి ఇప్పించాడు. ఈసారి పని ఒక్క సాయంత్రంలో తేలిపోయింది; లైన్లన్నీ ముందే రాసి ఉన్నాయి, ఫైలు పేరు మార్చి నడిపించడమే. అయిదుగురికీ ఆరున్నర దగ్గరే కుప్ప. మేనేజరు అప్పటికీ కాగితం మాట నమ్మి ఊరుకోక, స్వయంగా అమ్మ బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. వంతెన దగ్గర ఆయన సీటు మీంచి జానెడు లేచి, కళ్ళజోడు ముక్కు కొసకు జారి, ఫైలు ఒళ్ళోంచి ఎగిరి ముందు సీటు కిందికి పోయింది. దిగుతూనే పై ఆఫీసుకు రాశాడు.

స్పీడు పడకుండా వచ్చిన కుదుపులు లెక్కలోకి రావని రెండు వారాల్లో ఉత్తర్వు వచ్చింది. ఒక ఉదయం ఇద్దరు వెల్డర్లు వంతెన మీద కూర్చుని ఆ పట్టీని బిగించారు. గోడ మీది కాగితం మార్చి అంటించారు. అమ్మకు పచ్చ రాలేదు, పసుపొచ్చింది. ఎనిమిదికి పసుపే వస్తుంది. ఇంట్లో శూరుడు ఇంకా వాదించబోతే, అమ్మ మాత్రం అది తనదే, తను సంపాదించుకున్న పసుపు అని చెప్పి, ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఒకావిడ పక్షి పంజరంతో బస్సెక్కి దానికి టికెట్టు కావాలా అని అడిగిన కథ చెప్పింది. మర్నాటి నుంచి బస్సు టైముకు నడిచింది.

మేడంకు శూరుడు అన్ని గ్రాఫులూ కలిపి ఇచ్చాడు. ఆవిడ ప్రతి పేజీ చదివింది. వంతెన కుప్ప ఉన్న పేజీ మీద మాత్రం ఎర్రపెన్నుతో, కింద గీతకు కిలోమీటర్లని రాశావు బాగుంది, పక్క గీతకు ఏమీ రాయలేదు, చూసేవాళ్ళు ఏమనుకోవాలి అని రాసి ఒక మార్కు కోసింది. మిగతా అన్నీ ఇచ్చింది. సెమిస్టరు ప్రాజెక్టుకు ఏం చేస్తావని అడిగితే, శూరుడు మొదటిసారి అడిగిన వెంటనే జవాబు చెప్పాడు. బస్సులు ఏ స్టాపు దగ్గర టైము పోగొట్టుకుంటున్నాయో చూస్తానన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అతను పుస్తకం, పెన్ను పట్టుకుని డిపోలో డ్రైవర్ల గదికి వెళ్ళాడు. ఎనిమిది మంది ఉన్నారు. వచ్చిన పని చెప్పీ చెప్పకముందే అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. స్కూలు స్టాపని ఒకరు, సిగ్నలని ఒకరు, స్టాపులో ఆగే ఆటోలని ఒకరు. అమ్మ ఒక మూల బల్ల మీద కూర్చుని, తన డబ్బాలోని వేరుశనగలు తింటూ కొడుకు వంక చూస్తోంది.

“ఒక్కొక్కరు చెప్పండి బాబాయ్,” అన్నాడు శూరుడు. “అన్నీ రాసుకుంటాను.”

అందరికంటే పెద్దాయన గొంతు సవరించుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.